నాలుగు గంటల రౌండు

తమ్ముడు ప్రెస్సులో పుస్తకాలు బైండు చేసేవాడు. పొద్దుటి షిఫ్టు దిగి, వేళ్ళకంటిన జిగురు గీకి కడుక్కుని బస్సెక్కితే, ఆ వృద్ధుల హోము గేటు ముందు దిగేసరికి నాలుగు కావస్తూ ఉండేది. ప్రెస్సు ఆ వేళకు వదిలేది, బస్సు ఆ వేళకు దించేది. అందులో అతను ఎంచుకున్నదేమీ లేదు.

అక్క గది పై అంతస్తులో, నడవా చివర. గదిలో రెండు మంచాలు. కిటికీ పక్కది అక్కది, రెండోది రేడియో పిన్నిది. ఆమెకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, చూసే పెట్టారు. చేతులు వణికి చెంచా కూడా నిలవదు, నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు. తమ్ముడు గుమ్మంలో కనపడగానే ఆయాను కేకేసి, చక్రాల కుర్చీని హాల్లోకి తోయించుకునేది.

"పదమ్మా, పద. భక్తుడొచ్చాడు. ఇంక ఈ గదిలో దోమ కూడా చెప్పులు విప్పి నడవాలి," అనేది.

తమ్ముడు నవ్వి ఊరుకునేవాడు. ఆమె వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, సంచిలోంచి ప్రార్థన పుస్తకం తీసేవాడు. అట్ట ఊడినప్పుడల్లా తనే మళ్ళీ కుట్టి అంటించుకున్న పుస్తకం అది. మంచం పక్కన కుర్చీ వేసుకుని, అక్క ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకుని చదవడం మొదలుపెట్టేవాడు.

అక్కకు కుడివైపంతా పడిపోయింది. మాట పోయింది. ఒంటికీ రెంటికీ వచ్చేది తెలుస్తుంది గాని ఆపుకునే శక్తి పోయింది. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆమెకు అన్నీ తెలుస్తాయి, చెప్పలేదంతే అని డాక్టరు మొదటిరోజే అన్నాడు. తెలియకపోయినా బాగుండేదని తమ్ముడి భార్య ఆ రోజు గొణుక్కుంది. ఆ మాట తమ్ముడికి నచ్చలేదు.

కొన్ని నెలలు ఇంట్లోనే చూసుకున్నారు. ఇరుకు ఇల్లు, భార్యకు మోకాళ్ళ నొప్పులు. ఒకరోజు ఆమె వదినను పట్టుకుని స్నానాల గదికి నడిపిస్తుంటే ఇద్దరూ కలిసి జారిపడ్డారు. ఒకరిని వదిలి ఒకరు లేవలేక, సాయంత్రం అతను వచ్చి తలుపు తోసేదాకా అలాగే తడినేల మీద కూర్చున్నారు. ఆ తర్వాతే హోము మాట వచ్చింది.

హోములో పని రౌండ్ల మీద నడుస్తుంది. పొద్దున్న ఒక రౌండు, మధ్యాహ్నం భోజనాల ముందు ఒకటి, నాలుగింటికి ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. ఇద్దరు ఆయాలు, ఒకరు పొడుగు, ఒకరు పొట్టి, ట్రాలీ తోసుకుంటూ నడవా ఈ కొసనుంచి ఆ కొసకు వస్తారు. ట్రాలీ మీద డైపర్లు, మెత్తటి గుడ్డలు, గోరువెచ్చటి నీళ్ళ బకెట్టు, పూత మందు. ఒకరు మనిషిని పక్కకు తిప్పి పట్టుకుంటే ఇంకొకరు తుడిచి, మార్చి, దుప్పటి సర్దుతారు. తర్వాత ఇంకో మంచం. రౌండు అవగానే ట్రాలీ స్టోరుగదిలోకి పోతుంది, తాళంచెవి పొడుగాయా నడుముకు చేరుతుంది. మధ్యలో ఎవరు గంట కొట్టినా ఒకటే జవాబు, రౌండులో చూస్తామని. డైపరు మీద పసుపు గీత ఒకటి ఉంటుంది. తడి నిండేకొద్దీ నీలంగా మారుతుంది. అది పూర్తిగా మారేదాకా మార్చనక్కరలేదని పైవాళ్ళు చెప్పారు. మనిషి ఎంతసేపు ఓర్చుకోగలదో చెప్పే గీత ఇంకా ఎవరూ కనిపెట్టినట్టు లేదు.

అక్క ఒకప్పుడు బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. అమ్మ పోయాక తమ్ముణ్ణి ఆ కుట్టుమిషను చప్పుడు మధ్యనే పెంచింది. ఆమెకు కోపం తక్కువ, ఒక్క విషయంలో తప్ప. ఒళ్ళు శుభ్రంగా లేకుండా దేవుడి ముందు కూర్చోకూడదు. తమ్ముడు ఆడి వచ్చి గబగబా పుస్తకం ముందు కూలబడితే చెవి పట్టుకుని లేపి, కాళ్ళు కడుక్కురా పొమ్మనేది. ఒకసారి ఇద్దరూ ప్రార్థనకు వెళుతుంటే లారీ ఒకటి బురద చిమ్మింది. పడింది బట్టల అంచుకే. అయినా ఆమె సగం దారిలోంచి వెనక్కి తిరిగింది. దేవుడు బురద చూడడక్కా అన్నాడు తమ్ముడు.

"ఆయన చూడకపోవచ్చురా. నేను చూస్తాగా," అంది అక్క.

అలాంటి మనిషి ఇప్పుడు రోజులో చాలాభాగం తడిలో పడి ఉంటోంది. రౌండు అయ్యాక కాసేపు పొడిగా ఉంటుంది. ఆ కాసేపులో తమ్ముడి నోట ప్రార్థన వినాలి. ఆమెకు మిగిలిన కోరికల్లా అదొక్కటే. కానీ అడగడానికి నోరు లేదు.

హోములో చేర్చిన కొత్తలో ఒకరోజు తమ్ముడు చదువుతుండగా ట్రాలీ గదిలోకి వచ్చింది. కాస్త బయట నిలబడండి సార్ అన్నారు ఆయాలు. అతను నడవాలోకి వెళ్ళి నిలబడ్డాడు. లోపల బకెట్టు చప్పుడు, పొడుగాయా ఎవరి మీదో విసుక్కోవడం, పొట్టాయా నవ్వు. మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి చదువుతున్న చోటు తప్పిపోయింది, మనసు చెదిరిపోయింది. ఏ పని మీద వచ్చినవాళ్ళయినా ప్రార్థన అయ్యేదాకా ఆగితే ఏం పోయింది అనిపించింది. పుస్తకం తెరిస్తే పక్కింట్లో పిడుగుపడ్డా తల ఎత్తని అక్కకు ఇది ఎంత కష్టంగా ఉంటుందో అనుకున్నాడు. మర్నాడు కాసిని పళ్ళు కొని పట్టుకెళ్ళి, పెద్ద సిస్టరుకు దణ్ణం పెట్టి, ప్రార్థన జరిగేటప్పుడు లోపలికి ఎవరూ రాకుండా చూడమని అడిగాడు.

పెద్ద సిస్టరు సంతోషించింది. కన్నవాళ్ళను ఇక్కడ దింపి మళ్ళీ మొహం చూపించనివాళ్ళు ఎందరో ఉన్నారు, మీరు అక్కగారి కోసం రోజూ వస్తున్నారు, ఆ మాత్రం చేయలేమా అంది. ఆయాలను పిలిచి చెప్పింది. ఆయాలూ దైవభయం ఉన్నవాళ్ళే. ప్రార్థన మధ్యలో దూరితే పాపమని వాళ్ళకూ లోపల బెరుకుగానే ఉండేది. సరేనన్నారు.

తన ప్రార్థన అయ్యాక వాళ్ళు వచ్చి వాళ్ళ పని చూసుకుంటారనుకున్నాడు తమ్ముడు. ఆ హోములో ట్రాలీ వెనక్కి తిరగదన్న సంగతి అతనికి తెలియదు. ఇందులో చెడ్డవాళ్ళు ఎవరని వెతికితే దొరకరు. అందరూ మంచికే పోయి ఆ తలుపు మూశారు.

అప్పటినుంచి రోజూ నాలుగింటికి ట్రాలీ చక్రాల కిర్రుమన్న చప్పుడు నడవాలో దగ్గరయ్యేది. మూసిన తలుపు ముందు ఒక్క క్షణం ఆగేది. మళ్ళీ దూరమయ్యేది. తమ్ముడు దాన్ని మర్యాద అనుకుని, మనసులోనే వాళ్ళను దీవించేవాడు. భోజనాల ముందు మార్చిన డైపరుతో అక్క ఇక పడుకోబోయే వేళ దాకా ఉండేది.

మొదట్లో ఆమె ఓపిక పట్టింది. తర్వాత తర్వాత ట్రాలీ చప్పుడు వినపడగానే తల తలుపువైపు తిప్పేది. ఊ, ఊ అని గొంతులోంచి మూలిగేది. తమ్ముడు ఆ చప్పుడుకు ఆమె చికాకు పడుతోందనుకుని గొంతు కాస్త పెంచేవాడు. కొన్నాళ్ళకు ఆమె అతని చేతిలోంచి తన చెయ్యి లాక్కుని దుప్పటి పీకడం మొదలుపెట్టింది. అతను దుప్పటి మళ్ళీ సర్ది, మెడదాకా కప్పేవాడు. ఒకరోజు ఎడమ చేత్తో పుస్తకాన్ని తోసేసింది. అది నేల మీద పడింది.

తమ్ముడు పుస్తకం తీసి కళ్ళకద్దుకున్నాడు. చిన్నప్పుడు ఆ పుస్తకం మీద చెయ్యి వేయాలంటే ముందు చేతులు చూపించమనే మనిషి. ఆ మనిషి దాన్ని తోసేసింది.

ఇంటికి వెళ్ళి భార్యతో అక్కకు దేవుడి మీద నమ్మకం పోయిందన్నాడు. ఇంత కష్టం ఇచ్చాడని ఆయన మీద అలిగినట్టుందన్నాడు.

"అలగడానికి ఆయనేమన్నా ఇంట్లో మనిషా?" అంది భార్య, అన్నం వడ్డిస్తూ. "మా వదిన నా మీద అలుగుతుంది, నమ్ముతాను. దేవుడి మీద ఎందుకు అలుగుతుంది? ఇంకేదో ఉంది. ఒళ్ళు సరిగ్గా చూస్తున్నారా వాళ్ళు?"

చూస్తున్నారు, రోజూ ట్రాలీ వస్తుంది, నేను వింటూనే ఉంటాను అన్నాడతను. అతను వినడం నిజమే. నువ్వు దుప్పటి ఎత్తి చూశావా అని భార్య అడగలేదు. తోబుట్టువైనా మగవాడు. అక్క ఒంటి మీద దుప్పటి తీసి చూడడమన్న ఊహే అతనికి రాదని ఆమెకు తెలుసు. తనే వెళ్ళి చూద్దామంటే ఆ మెట్లు. మోకాళ్ళు తలుచుకుని ఈ వారం కాదు, పై వారం అనుకుంటూ వచ్చింది.

అక్క విశ్వాసం తప్పిపోతోందన్న దిగులు తమ్ముణ్ణి నిద్రపోనివ్వలేదు. ఈ లోకంలో ఎలాగూ సుఖం లేదు, ఉన్న ఒక్క ఆధారమూ వదిలేసి పోతుందేమోనని భయం పట్టుకుంది. అందుకని ప్రార్థన పెంచాడు. ఒక కీర్తన పాడేచోట రెండు పాడాడు. ముందు ఒక బస్సు అందుకుని వెళ్ళిపోయేవాడల్లా దాన్ని వదిలేసి తర్వాతి బస్సు దాకా కూర్చున్నాడు. అతను ఎంత ఎక్కువ చదివితే ఆమె మొహం అంత గోడవైపు తిరిగిపోయేది. ఆమె మొహం ఎంత తిరిగిపోతే అతను అంత ఎక్కువ చదివేవాడు. పైనుంచి ఆ గదిని చూస్తున్నవాడెవరైనా ఉంటే ఆ రోజుల్లో ఏమనుకునేవాడో మనకు తెలియదు.

ఒక సెలవునాడు తమ్ముడు తన ప్రార్థన బృందాన్ని వెంటబెట్టుకొచ్చాడు. నలుగురు కలిసి అడిగితే దేవుడు వింటాడని, అక్క కూడా కరుగుతుందని అతని ఆశ. ప్రెస్సు సూపర్‌వైజరు, ఆయన భార్య, ఒక రిటైరైన టీచరు, ఇంకొందరు మంచం చుట్టూ నిలబడ్డారు. భార్య కూడా బయలుదేరింది. మెట్ల దగ్గర మీరు పదండి, నేను కూర్చుంటూ లేస్తూ వస్తానంది.

గదిలో వాసన ఉంది. ఎవరూ ఆ మాట అనలేదు. టీచరమ్మ కిటికీ రెక్క తెరిచింది. సూపర్‌వైజరు అగరువత్తులు వెలిగించి నీళ్ళ గ్లాసులో నిలబెట్టాడు. అందరూ పాట అందుకున్నారు.

బయట ట్రాలీ వచ్చింది. ఆగింది. వెళ్ళిపోయింది.

అక్క కళ్ళు ఒక్కొక్కరి మొహం మీదుగా తిరిగాయి. ఎడమ చెయ్యి దుప్పటి అంచు పట్టుకుని గట్టిగా పైకి లాక్కుంది, ఎవరూ చూడకుండా ఒంటిని ఇంకా దాచుకోవాలన్నట్టు. తర్వాత ఆమె ఏడ్చింది. గొంతు లేకుండా, నోరు ఒక పక్కకు వంకర పోయి, భుజాలు ఎగిరిపడేలా ఏడ్చింది.

టీచరమ్మ పాట ఆపకుండానే తమ్ముడి వైపు చూసి తల ఊపింది. కరుగుతోంది అన్నట్టు. తమ్ముడి కళ్ళు కూడా తడిశాయి. ఆ రోజు అతను ఎంత సంతోషించాడంటే పాటలో ఒక చరణం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

అప్పటికి భార్య గుమ్మంలోకి వచ్చింది. ఒగురుస్తూ తలుపు పట్టుకుని నిలబడి, గది వాసన పీల్చింది. ఆమె ఎవరినీ పలకరించలేదు. మనుషుల మధ్యలోంచి దారి చేసుకుని మంచం దగ్గరకు వచ్చి, వదిన మొహం చూసి, దుప్పటి కిందుగా చెయ్యి పెట్టింది. తీసి చూసుకుంది.

"ఆపండి," అంది.

పాట ఒక్కో గొంతులో ఒక్కోచోట ఆగింది.

"మగవాళ్ళు బయటికి వెళ్ళండి. ఏవండీ, మీరు కూడా. ఆ ఆయా ఎక్కడుందో పిలవండి."

సిస్టరూ ఆయాలూ వచ్చారు. మనిషిని పక్కకు తిప్పారు. నడుము కింద, వెన్నెముక ముగిసేచోట, అరచెయ్యంత మేర చర్మం నానిపోయి తెల్లబడి ఊడివచ్చింది. మధ్యలో పుండు. చుట్టూ ఎర్రగా, అక్కడక్కడ నల్లగా. మిగతా రౌండ్లలో ఆయాలు ఏదో పూత మందు రాస్తూ వచ్చారట, బట్ట ఒరుపు అనుకున్నారట. భార్య చూసింది. చూసి, తల దగ్గరకు వచ్చి వదిన నుదుటి మీద జుట్టు సర్దుతూ నిలబడింది. అక్క కళ్ళు తెరవలేదు.

తమ్ముడు నడవాలో పొడుగాయాను నిలదీశాడు. జన్మలో ఎవరి మీదా గొంతెత్తనివాడు ఆ రోజు ఎత్తాడు. మా అక్కకు నోరు లేదని కదా ఇలా వదిలేశారు, నోరున్నవాళ్ళకైతే చేస్తారు, రేపు మేనేజరుకు చెప్పి నీ ఉద్యోగం తీయిస్తానన్నాడు. హాల్లో టీ తాగుతున్న ముసలివాళ్ళంతా ఇటు తిరిగారు. 

పొడుగాయా చేతి తొడుగులు విప్పుతూ అంతా విన్నది.

"నాలుగింటికే కదా సార్ రౌండు," అంది. "ఆ టైముకి మీ తలుపు వేసి ఉంటుంది. రావద్దని మీరే అన్నారు."

"ప్రార్థన అయ్యాక రావచ్చు కదా?"

"ఎప్పుడవుతుంది సార్? మొదట్లో తొందరగా అయ్యేది. తర్వాత తర్వాత మీరు అన్నాల టైము దాకా ఉంటున్నారు. మేమిద్దరం. ఇంతమందికి నోట్లో పెట్టాలి." ఆమె తొడుగులు బకెట్లో పడేసింది. "ఇంకో మాట కూడా చెప్తాను, మీరు తిట్టినా సరే. ఒక మంచం తగ్గితే నా నడుముకి ఒక మంచం తగ్గినట్టే. తలుపు వేసి ఉంటే, హమ్మయ్య అనుకున్న రోజులున్నాయి. అబద్ధం ఎందుకు? కానీ ఆవిడ చెప్పింది సార్ మీకు. తలుపు సందులోంచి చూశాను నేను. మావైపు చూసి చెయ్యి ఊపేది. మీరు ఆ చెయ్యి పట్టుకుని చదివేవారు."

సూపర్‌వైజరు తమ్ముడి భుజం తట్టి, అంతా దైవ చిత్తం అన్నాడు.

గుమ్మంలోంచి భార్య ఆ మాట విన్నది. "ఇది ఆయన చిత్తం కాదండీ. మనం చూడకపోవడం," అంది. మెల్లగానే అంది. వచ్చినవాళ్ళు ఒకరొకరే మెట్లు దిగి వెళ్ళిపోయారు. అగరువత్తులు ఆ గ్లాసులో చివరిదాకా కాలాయి.

బస్సులో చాలాసేపటికి తమ్ముడు భార్యను అడిగాడు, ఇన్నాళ్ళూ తను చదివిందంతా ఎక్కడికి పోయి ఉంటుందని. ఆమె కిటికీలోంచి చూస్తూ, ఏమో నాకేం తెలుసు అంది. కొంత దూరం పోయాక, రేపు పాత దుప్పటి చింపి గుడ్డలు పట్టుకెళ్ళాలి, కొత్త గుడ్డ ఒరుస్తుంది అంది.

మేనేజరు దగ్గరకు అతను వెళ్ళలేదు. పెద్ద సిస్టరు దగ్గరకు వెళ్ళి, తలుపు ఇక మూయనని చెప్పి వచ్చాడు. డాక్టరు పుండు చూశాడు. చచ్చిన చర్మం కోసి తీసి, లోపల గుడ్డ కుక్కి కట్టు కట్టాడు. పొడిగా ఉంచాలి, పక్కలు మారుస్తూ ఉండాలి, తడి తగిలితే ఎంత మందు వేసినా దండగే అన్నాడు. రౌండ్లు అవే. తలుపు తెరిచి ఉంచినందువల్ల పోయిన ఒక రౌండు తిరిగి వచ్చింది, అంతే. పొద్దున్నకూ భోజనాలకూ మధ్య, నాలుగింటికీ పడకవేళకూ మధ్య ఆమె తడవడం మానలేదు.

తమ్ముడు ఇప్పుడు నాలుగింటికి వచ్చి నడవాలో బెంచీ మీద కూర్చునేవాడు. ట్రాలీ గదిలోంచి బయటికి వచ్చాకే లోపలికి వెళ్ళేవాడు. చదవాలంటే మాత్రం ధైర్యం చాలలేదు. పుస్తకం సంచిలోనే ఉండిపోయేది. అక్క చెయ్యి పట్టుకుని కూర్చుని, కాసేపయ్యాక లేచి వచ్చేసేవాడు.

పొట్టాయా సెలవు పెట్టిన రోజున పొడుగాయా అతన్ని లోపలికి పిలిచింది. మనిషిని తిప్పి పట్టుకోవాలి సార్, నేనొక్కదాన్నే రెండు పనులూ చేయలేను, మీరు అటువైపు నిలబడి భుజం పట్టుకోండి చాలు, కిందకు చూడకండి అంది. అతను మంచానికి అటువైపు వెళ్ళి అక్క భుజమూ తొడా పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. అక్క మొహం అతని పొట్టకు ఆనింది. ఆమె ఎంత తేలికైపోయిందో అప్పుడే తెలిసింది. గోడ మీద పెచ్చు ఊడినచోట కళ్ళు నిలిపాడు. కట్టు విప్పినప్పుడు వచ్చిన వాసన మాత్రం ఎటు చూసినా ఆగలేదు. ఆయా తడిగుడ్డతో పుండు అంచు తాకగానే అక్క వేళ్ళు అతని చొక్కాను పట్టుకున్నాయి. ఒక గుండీ ఊడి మంచం కింద ఎక్కడో పడింది.

"అయిపోయిందక్కా. అయిపోయింది," అన్నాడు. అవలేదు. ఇంకా చాలాసేపు పట్టింది.

తర్వాత వారం జ్వరం వచ్చింది. డాక్టరు మళ్ళీ కట్టు విప్పి చూసి, తమ్ముణ్ణి నడవాలోకి తీసుకొచ్చి, ఎముక కనపడుతోందన్నాడు. పెద్దాసుపత్రికి తీసుకెళితే కొన్ని సూదులు వేస్తారు. తీసుకెళ్ళే కుదుపు ఈ ఒళ్ళు తట్టుకోకపోవచ్చు. ఇంక అది మానుతుందని నేను చెప్పలేను, ఉన్నన్నాళ్ళు బాధ లేకుండా చూసుకోండి అన్నాడు.

"ఎన్నాళ్ళు?" అని అడిగాడు తమ్ముడు.

డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం జ్వరం కాస్త తగ్గింది. రౌండు అయింది. ఆయాలు ఒళ్ళు తుడిచి, పొడి గుడ్డలు వేసి, ఉతికిన దుప్పటి కప్పి వెళ్ళారు. తమ్ముడు లోపలికి వెళితే అక్క కళ్ళు తెరుచుకుని ఉంది. అతన్ని చూసి, అతని సంచిని చూసింది. మళ్ళీ అతన్ని చూసింది.

"చదవనా?" అన్నాడు. అడగడం అదే మొదటిసారి.

ఆమె ఎడమ చెయ్యి ఎత్తి గుండెల మీద పెట్టుకుంది. రెండో చెయ్యి లేవదు, జోడించడానికి.

తమ్ముడు సంచిలోంచి పుస్తకం తీసి మొదలుపెట్టాడు. పెద్దగా కాదు, ఆమెకు వినపడేంత. ఆమె కళ్ళు మూసుకుంది. పెదవి ఒక పక్క, కదిలే పక్క, అతనితోపాటు కదులుతోంది. ఆమె అలిగింది దేవుడి మీద కాదని అతనికి ఇప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు. రెండు పేజీలు అలా నడిచాయి. మూడో పేజీ మధ్యలో పెదవి ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఎడమ చెయ్యి గుండెల మీదనుంచి జారి వచ్చి పుస్తకాన్ని తోసింది.

అతను వాక్యం మధ్యలోనే ఆపాడు. పుస్తకం మూసి కిటికీలో పెట్టాడు.

హాల్లో అన్నాలు పెడుతున్నారు. పొడుగాయా ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో చెంచా పట్టుకుని రేడియో పిన్ని ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. పొట్టాయా అవతల బల్ల దగ్గర ఎవరి మూతో తుడుస్తోంది.

"అక్క తడిసిందమ్మా," అన్నాడు.

"ఇప్పుడే కదా సార్ మార్చాం. గీత కూడా మారి ఉండదు. ఇంకా టైము పడుతుంది దానికి." విసుగ్గా అనలేదు, అలసిపోయి అంది. "ట్రాలీ లోపల పెట్టేశాను. పడకవేళ రౌండులో ముందుగా మీ మంచానికే వస్తాను."

"డైపరు ఓర్చుకుంటుంది. ఆ పుండు ఓర్చుకోదు."

పొడుగాయా చేతిలో గిన్నె చూసుకుంది. సగం ఉంది. దాని తర్వాత ఇంకా ముగ్గురు వరసలో నోరు తెరుచుకుని కూర్చున్నారు. ఆమె ఏం చెప్పబోయిందో గాని, తమ్ముడు వంగి ఆమె చేతిలోంచి చెంచా తీసుకున్నాడు. తర్వాత గిన్నె కూడా.

"వీళ్ళకు నేను పెడతాను. మీరిద్దరూ వెళ్ళండి."

"మీకు రాదు సార్. పొలమారితే ప్రమాదం."

"ఎలా పెట్టాలో చెప్పి వెళ్ళు."

చిన్న ముద్ద పెట్టాలి, మింగిందో లేదో గొంతు కదలడం చూడాలి, చూశాకే ఇంకోటి, మాట్లాడించకూడదు అని చెప్పి, నడుముకున్న తాళంచెవి విప్పుకుంటూ ఆమె లేచింది. పొట్టాయాను కేకేసింది. స్టోరుగది తలుపు తెరుచుకుంది. ట్రాలీ కిర్రుమంటూ నడవాలో చివరి గదివైపు వెళ్ళింది.

తమ్ముడు స్టూలు మీద కూర్చుని చెంచా ఎత్తాడు. మాట్లాడించకూడదు, ఎదురుగా ఉన్నదేమో రేడియో పిన్ని.

"ప్రార్థన అయిపోయిందా అబ్బాయ్?" అంది, నోట్లో ముద్దతోనే.

"లేదు పిన్నీ. మింగండి ముందు."

ఆమె మింగింది. సగం గడ్డం మీదుగా జారింది. అతను దాన్ని జేబురుమాలుతో తుడిచి, గొంతు కదిలిందో లేదో వంగి చూసి, ఇంకో చెంచా తీశాడు.